ఉపన్యాస వేదికపై సర్వేపల్లి రాధాకృష్ణన్

నెల్లూరికి దక్షిణముగా, కృష్ణపట్నము రేవునకు పడమటగా, పెన్నా నీటితో నిండు జలాశయము నొద్ద సర్వేపల్లి యను గ్రామము కలదు. మొలగొలుకుల బియ్యమునకు పేరు పొందిన మాగాణి సీమ యది. సముద్రపు గాలి సోకునంత దూరము. ఆక్స్‌ఫర్డ్ మొదలుకొని షికాగో వరకు, మాస్కో మొదలుకొని మాంట్రియల్ వరకు ఈ యూరి పేరు విద్వత్సభలలో వినబడినది. అందుకై ఆ యూరు ప్రత్యేకముగా చేసినది యేమియు లేదు. పూర్వమెన్నడో యొక కుటుంబము అచ్చటి నుండి దక్షిణమునకు తరలిపోవుచు, ఊరి పేరును ఇంటిపేరుగా వెంట గొనిపోయెను, అంతే.

తెలుగువారి ఇంటిపేర్లలో ఇట్టి చిత్రములు తరచుగా కనబడును. పొలము పోవును, ఇల్లు పోవును, బంధువులు చెదరిపోవుదురు. విడిచివచ్చిన ఊరు మాత్రము పేరుకు ముందు నిలిచియుండును. సర్వేపల్లివారు తిరుత్తణి చేరిరి. సుబ్రహ్మణ్యస్వామి కొండ క్రింద నున్న ఆ చిన్న పట్టణము నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. పిమ్మట చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో సరిహద్దుల సర్దుబాటున మదరాసు రాష్ట్రమునకు పోయినది. అచ్చట 1888 సెప్టెంబరు 5వ తేదీన వీరాస్వామి, సీతమ్మ దంపతులకు రాధాకృష్ణన్ జన్మించిరి. తండ్రి జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఇంట తినువారు ఎక్కువ, రాబడి తక్కువ.

రాధాకృష్ణన్ అనగానే విద్యార్థులకు తెల్లని తలపాగా, పొడవాటి కోటు, కండ్లద్దములు గల పటము కనుల ముందు నిలుచును. రాష్ట్రపతి పదవిని, ఉపాధ్యాయ దినోత్సవమును చెప్పి ఆ పటమునకు పూలమాల వేయుట ఆచారమైనది. ఆయన జీవితములో అధిక భాగము దేనితో గడచినదో ఆ పటము చెప్పదు. విశ్వవిద్యాలయపు కప్పు క్రింద నిలిచి, హాజరు పట్టికలో పేరు లేని శ్రోతలకు కూడ విషయము చెప్పుట ఆయన వృత్తి. ఆయన ప్రసిద్ధ గ్రంథములలో పెక్కు మొదట చెవులకు చేరినవే, పిదప అచ్చుకు చేరినవి. పదవులు సైతము ఆ ఉపన్యాసముల వెంటనే నడచివచ్చినవి. కనుక ఆయన చరిత్రను వేదిక వైపు నుండి చూచుటయే సరియైన త్రోవ.

తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోను, వేలూరు వూర్హీస్ కళాశాలలోను, తుదకు మదరాసు క్రైస్తవ కళాశాలలోను ఆయన చదివిరి. చదువంతయు విద్యార్థి వేతనముల మీద సాగినది. తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము గొప్ప జిజ్ఞాస యనుకొనరాదు. అదే చదువు ముగించిన దగ్గరి బంధువొకరు తన పాఠ్యపుస్తకములను ఇచ్చివేయగా, కొనవలసిన ఖర్చు తప్పినది. పేద యింటి పిల్లల విద్యాభ్యాసములో పుస్తకముల ధర ఎంతటి నిర్ణయములు చేయునో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కర లేదు.

మిషనరీ కళాశాలలో విలియం స్కిన్నర్, ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ వంటి గురువులు పాఠము చక్కగా చెప్పిరి. పాఠముతో పాటు హిందూ ధర్మములోని లోపములను కూడ చెప్పిరి. వేదాంతము ప్రపంచమును మాయయని త్రోసిపుచ్చును గనుక దానిలో నీతికి చోటు లేదన్నది ఆ రోజులలో తరచుగా వినవచ్చిన ఆక్షేపణ. తల్లిదండ్రుల ఇంట పూజలు చూచి పెరిగిన యువకునికి ఇది ములుకువలె నాటినది. కోపముతో ఎదురాడక, ఆయన ఆ ములుకునే పరిశోధన విషయముగా గ్రహించిరి. ఎం.ఏ. పట్టమునకై వేదాంతములోని నీతిధర్మమును గురించి వ్రాసిన వ్యాసము 1908లో అచ్చయినది. ఆక్షేపించిన పక్షమునకు చెందిన హాగ్ దొరయే ఆ వ్యాసమును మెచ్చుకొనెను. ప్రతిపక్షి భాషలో, ప్రతిపక్షి తర్కముతో, వారి యెదుటనే సమాధానము చెప్పు నేర్పు ఆయనకు అప్పుడే అలవడినది. తరువాతి ఏబది యేండ్ల ఉపన్యాసములకు మూలము ఈ యొక్క ప్రయత్నములో నున్నది.

1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము దొరకినది. జీతము స్వల్పము, భార్య శివకామమ్మగారు, సంసారము, బాధ్యతలు. ఉద్యోగ నియమము ననుసరించి సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరి బోధనాభ్యాసము కూడ చేసిరి. మనస్తత్త్వ శాస్త్రముపై తరగతి ఉపన్యాసముల నుండి పుట్టిన చిన్న పుస్తకము 1912లో వెలువడినది. తరువాతి గ్రంథముల ముందర అది చిన్నదే. కాని చెప్పిన మాటను చెదరనీయక పుస్తకముగా కూర్చు అలవాటు అచ్చట కనిపించును.

కొలది కాలము రాజమహేంద్రవరములో బోధించి, 1918లో ఆయన మైసూరు మహారాజా కళాశాలకు పోయిరి. కాగితము చూడక మాటలాడుట, పొడవైన వాక్యమును చెదరనీయక అంతమునకు చేర్చుట, ఉపనిషత్తును చెప్పుచు చెప్పుచు ప్లేటోను తాకి తిరిగి వచ్చుట: ఇవి ఆయన బోధనలో శ్రోతలను ఆకట్టిన లక్షణములు. రవీంద్రుని తత్త్వమును గూర్చిన గ్రంథము ఆ సంవత్సరముననే వెలువడినది. 1921లో కలకత్తాకు ప్రయాణమైనపుడు మైసూరు విద్యార్థులు బండి గుర్రములను విప్పివేసి, తామే కాడి పట్టి ఆయనను రైలు స్టేషను వరకు లాగికొనిపోయిన ముచ్చట ప్రసిద్ధము. నేడు అది కథవలె తోచును. ఒక అధ్యాపకుడు ఊరు విడుచుట ఊరికి వార్త యైన కాలమది.

కలకత్తాకు పిలిచినవారు అశుతోష్ ముఖర్జీ. ప్రతిభ యే రాష్ట్రములో నున్నను దానిని తన విశ్వవిద్యాలయమునకు రప్పించుట ఆయన వ్రతము. భౌతికశాస్త్రమునకు చంద్రశేఖర వెంకట రామన్‌ను ఎట్లు పిలిచిరో, తత్త్వశాస్త్రములో అయిదవ జార్జి పేర నున్న ఆచార్య పీఠమునకు రాధాకృష్ణన్‌ను అట్లే పిలిచిరి. అచ్చటనే భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర మొదటి సంపుటము 1923లోను, రెండవది 1927లోను పూర్తి యైనవి.

ఇచ్చట ధర్మనిధి ఉపన్యాసము అను ఏర్పాటును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పాశ్చాత్య దేశములలో ధనికుడొకడు కొంత మూలధనమును విశ్వవిద్యాలయమునకో, ధర్మకర్తల సంఘమునకో అప్పగించును. దానిపై వచ్చు వడ్డీతో ఏటేట గాని, కొన్ని యేండ్ల కొకమారు గాని ఒక విద్వాంసుని పిలుతురు. ఆయన కొన్ని దినములు వరుసగా ఒకే విషయముపై మాటలాడవలెను. తలుపులు పౌరులకు తెరచియుండును. పిదప ఆ మాటలు పుస్తకముగా రావలెను. పరీక్ష లేదు, పట్టము లేదు. విన్నవానికి విన్నదే ఫలము. విశ్వవిద్యాలయము తన గోడల లోపల సంపాదించిన జ్ఞానములో కొంత ఊరికి పన్నుగా చెల్లించు పద్ధతి యిది. మన దేశపు విశ్వవిద్యాలయములు కూడ దీనిని స్వీకరించినవి. అశుతోష్ ముఖర్జీ తన చనిపోయిన కుమార్తె కమల పేర కలకత్తాలో ఇట్టి నిధి నొకదానిని నెలకొల్పిరి. దాని ప్రసక్తి ముందు వచ్చును.

1926లో రాధాకృష్ణన్ తొలిసారి సముద్రము దాటిరి. బ్రిటిషు సామ్రాజ్య విశ్వవిద్యాలయముల సమావేశమునకు కలకత్తా ప్రతినిధిగా ఇంగ్లండు పోయి, ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టరు కళాశాలలో అప్టన్ ఉపన్యాసములు నాలుగు చేసిరి. హిందూ ధర్మము ఒక ప్రవక్త చెప్పిన సిద్ధాంతము గాదు, ఒక జీవన విధానము అని వాటి సారాంశము. ఆ నాలుగు ఉపన్యాసముల చిన్న పుస్తకము 1927లో అచ్చయి, ఆయన పెద్ద సంపుటముల కంటె ఎక్కువ మందికి చేరినది. అక్కడి నుండి అమెరికా పోయి హార్వర్డ్‌లో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర సమావేశములో పాల్గొని, షికాగో విశ్వవిద్యాలయములో హాస్కెల్ ఉపన్యాసము లిచ్చిరి. 1893లో వివేకానందుడు మాటలాడిన సర్వమత మహాసభ ముగిసిన పిమ్మట, మతముల తారతమ్య పరిశీలనకై ఆ నగరములో ఒక మహిళ ఇచ్చిన నిధి యిది. వివేకానందుడు సన్న్యాసిగా నిలిచిన నగరములో రాధాకృష్ణన్ ఆచార్యుడుగా నిలిచిరి. సభికులను కదలించుట మొదటివాని పని. కదలినవారిని కూర్చుండబెట్టి విడమరచి చెప్పుట రెండవవాని పని.

హిబ్బర్ట్ ఉపన్యాసముల చరిత్ర ఇంతకంటె ఆసక్తికరము. 1878లో వాటిని ప్రారంభించినవాడు మాక్స్ ముల్లర్. విషయము మతముల పుట్టుక. దానికి ఉదాహరణముగా ఆయన గైకొన్నవి భారతదేశపు మతములు. ఋగ్వేదమును అచ్చు వేయించిన ఆ మహాపండితుడు భారతదేశమునకు ఎన్నడును రాలేదు. ఏబది యేండ్లు దాటిన పిమ్మట, 1929–30లో అదే వరుసలో తిరుత్తణి బాలుడు నిలిచి, మాంచెస్టరులోను లండనులోను, విజ్ఞానశాస్త్రము పెరుగుచున్న కాలములో ఆధ్యాత్మికానుభవమునకు చోటెక్కడ అను విషయముపై మాటలాడిరి. అంతవరకు ఉదాహరణముగా నున్న దేశము ఉపన్యాసకుడుగా మారినది. 1930లో రవీంద్రనాథ ఠాకూరు కూడ హిబ్బర్ట్ వేదిక నెక్కిరి. రాధాకృష్ణన్ ఉపన్యాసముల గ్రంథము 1932లో వెలువడినది. తత్త్వవేత్తగా ఆయన స్వంత సిద్ధాంతమును చూడగోరువారు చదువవలసినది ఇదియే.

అభిమానులు సాధారణముగా దాటవేయు రెండు విషయములను ఇచ్చట చెప్పక తప్పదు.

మొదటిది 1929 నాటి వివాదము. జదునాథ్ సిన్హా యను బెంగాలీ విద్వాంసుడు, కలకత్తా విశ్వవిద్యాలయమునకు తాను సమర్పించిన పరిశోధనలోని భాగములు రాధాకృష్ణన్ రెండవ సంపుటములో చేరినవని మోడర్న్ రివ్యూ పత్రికలో ఆరోపించి, న్యాయస్థానమున దావా వేసెను. రాధాకృష్ణన్ ఆయనపైనను, పత్రికా సంపాదకులు రామానంద ఛటర్జీపైనను పరువునష్టపు దావా వేసిరి. ఒకే సంస్కృత గ్రంథములను ఇరువురు వివరించినపుడు పోలికలు సహజమని ఆయన పక్షపు వాదము. 1933లో ఉభయులును రాజీపడి దావాలను ఉపసంహరించుకొనిరి. న్యాయస్థానము తీర్పు చెప్పనే లేదు గనుక తీర్పు చెప్పుట మనకును తగదు. పరిశోధన విద్యార్థులు మాత్రము ఈ కథను తెలిసికొనియుండుట మేలు. మహానుభావుల చరిత్రలలో ఇట్టి పుటలను చించివేయుట వారికి గౌరవము కాదు.

రెండవది ఇంతకంటె లోతైనది. 1926 ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసములలో, హిందూ నాగరికత ఇన్ని వేల యేండ్లు నిలిచియుండుటయే దాని జీవశక్తికి నిదర్శనమని రాధాకృష్ణన్ వాదించిరి. భిన్న జాతులను నిర్మూలింపక ఒక సమాజములో ఇముడ్చుకొనిన ఏర్పాటుగా వర్ణవ్యవస్థను సమర్థించిరి. కాలక్రమమున దానికి పట్టిన కుళ్ళును ఆయన కాదనలేదు. మూలమున నున్న భావము మంచిదని మాత్రము చెప్పిరి. ఆక్స్‌ఫర్డ్ శ్రోతలకు ఈ వాదము ఎంతో ఉదారముగా తోచినది. పదేండ్ల పిమ్మట డాక్టరు అంబేడ్కర్ దీనిని పేరెత్తి ప్రశ్నించిరి. బ్రతికియుండుట వేరు, ఎట్టి స్థితిలో బ్రతికియున్నామన్నది వేరు. ఓడిపోయి లొంగిపోయి కూడ జాతులు బ్రతుకగలవు అని ఆయన ప్రత్యుత్తరపు సారము.

ఆ ప్రత్యుత్తరము కూడ ఒక ఉపన్యాసమే. 1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండలివారు తమ వార్షిక సభకు అధ్యక్షుడుగా అంబేడ్కర్‌ను పిలిచి, ఆయన వ్రాసి పంపిన ప్రసంగమును చూచి వెనుదీసి, సభనే రద్దు చేసిరి. అంబేడ్కర్ దానిని స్వంత ఖర్చుతో పదునైదు వందల ప్రతులు అచ్చు వేయించిరి. కులనిర్మూలనమును గూర్చి ఈ దేశమున వెలువడిన ప్రసిద్ధ గ్రంథము అట్లు పుట్టినది. ఒక ఉపన్యాసమునకు సముద్రములు దాటి వేదికలు లభించినవి. దానికి జవాబు చెప్పిన ఉపన్యాసమునకు స్వదేశమున ఒక్క వేదిక దొరకలేదు. బహిరంగోపన్యాసము ఎంత గొప్ప సంస్థయైనను, వేదికను ఎవరి కిత్తురో, ఎవరికి ఈయరో యన్న ప్రశ్న దానిని విడువక వెన్నాడుచునే యుండును. ఈ రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టి చదివిన విద్యార్థికి ఆ దశాబ్దమును గూర్చి వేరొకరు చెప్పవలసినది స్వల్పము.

ఈ నడుమ ఆయన తెలుగు తీరమునకు తిరిగి వచ్చిరి. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు చేరినది. ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి జాతీయోద్యమముపై ప్రభుత్వము సాగించిన దౌర్జన్యమునకు నిరసనగా ఆ యేటనే పదవిని త్యజించిరి. 1931లో రాధాకృష్ణన్ ఆ స్థానమునకు వచ్చి 1936 వరకు ఉండిరి. అప్పటికి కట్టడములు కొన్ని, ఇసుక దిబ్బలు చాల. సముద్రపు హోరు వినవచ్చు ఆ కొండ మీదికి ఆయన దేశము నలుమూలల నుండి యువకులను పిలిపించిరి. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు అచ్చట బోధించినవారే. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము, రసాయనశాస్త్రమునకు టి.ఆర్. శేషాద్రి వచ్చిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలు విరాళ మిచ్చుటకు పూనుకొనగా విజ్ఞాన, సాంకేతిక కళాశాల వెలసినది. తత్త్వశాస్త్రజ్ఞుని పాలనలో విజ్ఞానశాస్త్రము వర్ధిల్లుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆయన హిబ్బర్ట్ ఉపన్యాసములను చదివినవారికి వింత కాదు. పదవి విడిచినపుడు పీఠము తిరిగి కట్టమంచివారికే చేరినది. వాగ్ధాటిలో ఒకరి కొకరు తీసిపోని ఇద్దరు ఉపాధ్యక్షులు ఒకరి వెంట నొకరు దొరకుట వాల్తేరు విద్యార్థుల భాగ్యము.

1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము ప్రాచ్య మతములకును నీతిశాస్త్రమునకును స్పాల్డింగ్ పేర నెలకొల్పిన ఆచార్య పీఠమునకు ఆయనను ఎన్నుకొనెను. ఆ విశ్వవిద్యాలయములో ఆచార్య పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. 1952 వరకు ఆ పీఠము ఆయనదే. 1938లో బ్రిటిషు అకాడమీలో బుద్ధుని గూర్చి మాటలాడిరి. 1939లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసములు ప్రాచ్య మతములను, పాశ్చాత్య చింతనను జోడించిన పెద్ద గ్రంథమైనవి. శ్రోతగా విన్నపుడు మనసును లాగివేయు పోలికలు, చదువరిగా ఆగి చూచినపుడు కొన్ని యెడల తేలికగా కనబడును. గ్రీకులకు ఉపనిషత్తులు చేరిన త్రోవ ఆయన మాటలో ఉన్నంత సుగమముగా చరిత్రలో లేదు. ఇది వాగ్మికి సహజముగా వచ్చు దోషము. వాక్యపు వేగము సందేహమును వెనుక విడిచిపోవును.

ఆ 1939లోనే మదనమోహన మాలవీయ పిలుపుపై కాశీ హిందూ విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్ష పదవిని స్వీకరించి 1948 వరకు నడిపిరి. ఆదివారములలో అచ్చట భగవద్గీతపై ఆయన చెప్పిన ప్రసంగములకు విద్యార్థులే గాక ఊరివారును వచ్చుచుండిరి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగినపుడు కాశీ విద్యార్థులు ముందు నిలిచిరి. ప్రభుత్వము ప్రాంగణమును సైనిక వైద్యశాలగా మార్ప సంకల్పించెను. రాధాకృష్ణన్ ఢిల్లీ పోయి వైస్రాయితో మాటలాడి ఆ యాపదను తప్పించిరి. జీవితమంతయు సభలలో మాటలాడినవారికి ఒక గదిలో ఒక్క శ్రోత యెదుట మాటలాడవలసిన యవసరము వచ్చినది. ఆ మాట ఫలించినది.

అదే 1942 శీతకాలమున కలకత్తాలోను కాశీలోను ఆయన కమలా ఉపన్యాసములు చేసిరి. ఆయన ఉపన్యాసములలో సమాజమునకు అతి సమీపముగా వచ్చినవి ఇవియే. యుద్ధము తూర్పు సరిహద్దు వరకు వచ్చియున్నది; బెంగాలు మరుసటి యేట కరవు వాత పడనున్నది; నాయకులు చెరసాలలలో నున్నారు. ఆ సమయమున మతము అవసరమా అని మొదలుపెట్టి, హిందూ ధర్మమును, సమాజములో స్త్రీ స్థితిని, తుదకు యుద్ధమును అహింసను గూర్చి చెప్పిరి. అస్పృశ్యతను సహింపరాదనియు, వివాహ ధర్మములను కాలానుగుణముగా మార్పవలెననియు చెప్పుటలో ఆక్స్‌ఫర్డ్ నాటి సున్నితత్వము లేదు. విదేశీయుల యెదుట ఇంటిని సమర్థించినవాడు ఇంటివారి యెదుట ఇంటి లోపములను చెప్పుట న్యాయమే. అయినను, లోపలి మాటను ముందే బయట చెప్పియుండిన అంబేడ్కర్ ప్రశ్నకు అంత పదును ఉండెడిది కాదేమో. గ్రంథము స్వాతంత్ర్యము వచ్చిన 1947లో వెలువడినది.

1944లో చైనాకు పోయి యుద్ధకాలములో ఉపన్యాసము లిచ్చిరి. 1947 ఆగస్టు 14వ తేదీ రాత్రి రాజ్యాంగ సభలో ఆయనకు అప్పగించిన కార్యము విచిత్రమైనది: పండ్రెండు గంటలు కొట్టు వరకు మాటలాడవలెను, ఆ క్షణమునకు సరిగా ముగింపవలెను. గంట చూచి ముగించుట తరగతి గదిలో నేర్చిన విద్యయే గదా!

1948లో ప్రభుత్వము నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు ఆయన అధ్యక్షులు. జాకీర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా మొదలగువారు సభ్యులు. 1949లో సమర్పించిన నివేదికలో ఒక విశేష మున్నది. దేశములోని ఉపన్యాసకులలో అగ్రగణ్యుడు అధ్యక్షుడుగా నున్న ఆ సంఘము, ఉపన్యాసము ఒక్కటే చాలదని తేల్చెను. పరీక్షలు గాక ఏడాదికి 180 పనిదినములు ఉండవలెననియు, ఉపన్యాసమునకు తోడు చిన్న బృందములలో చర్చ, గ్రంథాలయములో పఠనము, వ్రాతపని ఉండవలెననియు సిఫారసు చేసెను. మాటకు గల శక్తిని ఎరిగినవారే దాని హద్దును గూడ ఎరుగుదురు. శ్రోత ఇంటికి పోయి పుస్తకము తెరవకున్న, ఎంతటి ఉపన్యాసమైనను సాయంకాలపు వినోదముగానే మిగులును.

ఉన్నత విద్యలో ఆంగ్లమునకు బదులు దేశభాషలు రావలెనని కూడ ఆ నివేదిక చెప్పెను. ఈ మాట తెలుగువారికి గుచ్చుకొనవలసిన మాట. రాధాకృష్ణన్ మాతృభాష తెలుగు. ఆయన ప్రపంచ ప్రసిద్ధములైన ఉపన్యాసములలో ఒక్కటియు తెలుగులో చేసినది కాదు. తప్పు ఆయన యొక్కరిది కాదు. ఆ వేదికలు ఆంగ్లమువి, ఆ నిధులు ఆంగ్లమువి, ఆక్షేపణలు కూడ ఆంగ్లములో వచ్చినవే; సమాధానము వేరొక భాషలో చెప్పిన వినువారు లేరు. కాని ఫలితము మాత్రము స్పష్టము. సర్వేపల్లి మాగాణిలో పనిచేయు రైతు బిడ్డకు సర్వేపల్లివారి మాట చేరుటకు అనువాదము కావలసివచ్చినది. కొన్ని గ్రంథములు తెలుగులోనికి వచ్చినవి. గొంతు మాత్రము రాలేదు. నలుగురు వినుటకై పుట్టిన మాటలను కంటితో మాత్రమే అందుకొనుట సగము పొందుటయే.

తరువాతి పదవులు అందరును ఎరిగినవే. 1949 నుండి 1952 వరకు మాస్కోలో రాయబారి; 1952 నుండి ఉపరాష్ట్రపతి; 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి. 1954లో భారతరత్న. ఆ యేడు ఉపరాష్ట్రపతిగా నుండియు ఆయన కెనడా పోయి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో కొత్తగా నెలకొల్పిన బీటీ స్మారకోపన్యాసములను ప్రారంభించిరి. తూర్పు పడమరల సంబంధమే విషయము. 1956లో శివకామమ్మగారు గతించిరి. 1962లో తన జన్మదినమును వేడుకగా జరుప వచ్చినవారికి దానిని ఉపాధ్యాయుల దినముగా జరుపుట తనకు ప్రియమని చెప్పినందున సెప్టెంబరు 5కు ఆ పేరు వచ్చినది.

పదవీ విరమణము పిమ్మట ఆయన మదరాసు మైలాపూరులోని గిరిజ యను స్వగృహమును చేరిరి. ఆరోగ్యము క్షీణించి సభలకు దూరమైరి. సాహిత్య అకాడమీ 1968లో తన మొదటి ఫెలోగా ఎన్నుకొనెను. 1975లో టెంపుల్టన్ బహుమానము వచ్చినది. ఆ సంవత్సరముననే ఏప్రిల్ 17వ తేదీన కన్నుమూసిరి. ఆయన ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డునకు ఆయన పేరు పెట్టిరి. కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించిరి. తండ్రి లోపములను కప్పిపుచ్చని ఆ గ్రంథము కొడుకులు వ్రాసిన చరిత్రలలో అరుదైనది.

నెల్లూరు జిల్లాకు స్వంత విశ్వవిద్యాలయము 2008లో వచ్చినది. విక్రమ సింహపురి యని దాని పేరు. ప్రాంగణము వెంకటాచలము మండలములోని కాకుటూరులో నున్నది. సర్వేపల్లియు ఆ మండలములోనిదే.